పుష్పకం తెలుసు, కృషక్ తెలియదు

పుష్పక విమానంలో ఎందరు ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందని మనవారి నమ్మిక. యుద్ధకాండ ముగింపు ఘట్టం తరగతిలో చెప్పినప్పుడల్లా ఎవడో ఒకడు లేచి "అదెట్ల సార్?" అని అడగకుండా ఉండేవాడు కాదు. అది కుబేరుని విమానమనీ, కవి లోకంలోని వాహనమనీ, దానికి తక్కెడ ఉండదనీ చెప్పి ముందుకు సాగేవాణ్ణి. మనుషులు కట్టిన విమానాల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. నాలుగు కుర్చీలు వేసిన చిన్న విమానంలో చాలాసార్లు ముగ్గురికే చోటు. ఈ తేడాలోనే నేను చెప్పదలచుకున్న విషయమంతా ఉంది.

ఆమధ్య మా ప్రాంతంలో ఒక సాహిత్య సభకు వెళ్లాను. సంస్కృతం బాగా చదువుకున్న మిత్రులొకరు ప్రాచీన భారతీయ వైమానిక విజ్ఞానం గురించి ముప్పావు గంట అనర్గళంగా మాట్లాడారు. రుక్మ విమానం, శకున విమానం, త్రిపుర విమానం అని పేర్లు ఏకరువు పెడుతుంటే సభ చప్పట్లు కొట్టింది. తరువాత నాకు అవకాశమిచ్చారు. "బెంగుళూరులో మనవారు 1959లోనే నాలుగు కుర్చీల విమానాన్ని కట్టి ఎగరేశారు. దాని పేరు ఎవరికైనా తెలుసా?" అని అడిగాను. నూరుమందికి తక్కువ లేని ఆ సభలో, అందులో ఇంజనీరింగు చదివినవారూ ఉన్నారు, ఒక్క చెయ్యి లేవలేదు.

దాని పేరు కృషక్.

ముందుగా నా మిత్రుని ఉపన్యాసానికి మూలమైన వైమానిక శాస్త్రం సంగతి చూద్దాం. భరద్వాజ మహర్షి పేర ప్రచారంలో ఉన్న ఆ గ్రంథాన్ని బెంగుళూరు దగ్గరి ఆనేకల్లులో నివసించిన పండిత సుబ్బరాయశాస్త్రి గారు 1918, 1923 మధ్య చెబుతుండగా రాసుకున్నారు. హిందీ అనువాదం 1959లోను, మైసూరు నుంచి ఆంగ్లానువాదంతో కూడిన ప్రతి 1973లోను వచ్చాయి. మరుసటి ఏడే, అంటే 1974లో, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు ఆచార్యులు దానిని పరిశీలించి వ్యాసం ప్రకటించారు. వారు రెండు పనులు చేశారు. గ్రంథంలోని భాషను చూసి అది ప్రాచీనం కాదని, 1904కు ముందుది కానేరదని తేల్చారు. బొమ్మల్లోని కొలతలు తీసి లెక్క వేసి, ఆ విమానాలలో ఒక్కటీ ఎగరజాలదని నిరూపించారు.

భాషాసాక్ష్యం విషయంలో పండిత శిక్షణ పొందినవానిగా నాకూ ఒక మాట చెప్పే అధికారం ఉందనుకుంటాను. అనుష్టుప్పులో ఉన్నంత మాత్రాన అది ఆర్షం కాదు. నిన్న పుట్టిన శ్లోకమూ అనుష్టుప్పులోనే ఉండవచ్చు. వేదభాషకూ పాఠశాల సంస్కృతానికీ గల తేడా ఎరిగినవారే ఆ తేడాను సభలో దాచిపెట్టడం నన్ను బాధించింది. సుబ్బరాయశాస్త్రి గారిపై నాకు ఏ కోపమూ లేదు. ఆయన తనకు తోచినది చెప్పారు. కొలవవలసినవారు కొలవకుండా చప్పట్లు కొట్టడమే నా ఫిర్యాదు.

విమానమనే మాటను విడదీసి చూడండి. వి అనే ఉపసర్గ మీద 'మా' ధాతువు. కొలుచుట అని దానికి అర్థం. మానము, ప్రమాణము, పరిమాణము, అనుమానము అన్నీ ఆ ఇంటి పిల్లలే. గుడి మీది విమానం శిల్పశాస్త్రపు కొలతల మీద నిలిచింది. ఆకాశంలోని విమానమూ అంతే. కొలత తీసేస్తే మిగిలేది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక కృషక్ కథ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బెంగుళూరు హిందూస్థాన్ విమాన కర్మాగారంలో విష్ణు మాధవ ఘాటగే అనే శాస్త్రవేత్త ఉండేవారు. జర్మనీలోని గోటింగెన్‌లో, వాయుగతిశాస్త్రానికి పితామహుడనదగిన లూడ్విగ్ ప్రాంట్ల్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన మనిషి. ఆయన నాయకత్వంలో మన దేశీయ రూపకల్పన అయిన శిక్షణ విమానం హెచ్.టి.-2 1951 ఆగస్టులో ఎగిరింది. తరువాత వచ్చింది పుష్పక్. అమెరికా వారి ఎరోంకా చీఫ్ నమూనాపై ఆధారపడిన రెండు కుర్చీల విమానం, 90 అశ్వశక్తుల ఇంజను, 1958 సెప్టెంబరు 28న మొదటిసారి ఎగిరింది. నూటయాభైకి పైగా కట్టి దేశమంతటా ఉన్న ఫ్లయింగు క్లబ్బులకు ఇచ్చారు. ఒక తరం పైలట్లు దాని మీదే ఓనమాలు దిద్దుకున్నారు.

ఆ పుష్పక్‌నే పెద్దది చేసి నాలుగు కుర్చీలు వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి కృషక్ పుట్టింది. రెండు నమూనాలు కట్టారు. మొదటిది 1959 నవంబరులో ఎగిరింది. వైమానిక శాస్త్రం హిందీలో వెలువడినదీ ఆ సంవత్సరమే! ఒకే ఏడాది కాగితం మీద ఒక విమానం, గాలిలో ఒక విమానం. ఏది మనకు గుర్తుండిపోయిందో చూడండి.

ఎగిరింది సరే, తరువాత? గిరాకీ లేదన్నారు. నలుగురు కూర్చునే విమానం కొనేవారెవరూ కనబడలేదని పథకాన్ని పక్కన పెట్టారు. కొంతకాలానికి సైన్యానికి అవసరం పడింది. ఫిరంగి గుండు ఎక్కడ పడుతున్నదో పైనుంచి చూసి చెప్పే పరిశీలక విమానాలుగా అప్పటిదాకా బ్రిటిషు వారి ఆస్టర్‌లు ఉండేవి. వాటి స్థానంలోకి కృషక్‌ను తీసుకున్నారు. వెనుక వరుస తీసేసి, అటూ ఇటూ తిరిగే కుర్చీ ఒకటి బిగించారు. ఇంజను 225 అశ్వశక్తులది. 1960లలో సుమారు డెబ్బై తయారుచేశారు. 1970ల నడిమి వరకు అవి సైన్యసేవలో ఉండి నిష్క్రమించాయి. నాలుగు కుర్చీల కృషక్ మాత్రం ఆ నమూనాలతోనే ఆగిపోయింది.

పేరు చూడండి ఎంత చక్కనిదో. కృష్ ధాతువుకు దున్నుట అని అర్థం. కర్షకుడు, కృషీవలుడు, కృషి అన్నీ అక్కడినుంచే. పుష్పకానికి ప్రాస కలిసేలా కృషకమని పెట్టిన ఆ పుణ్యాత్ముడెవరో గాని అతనికి నా నమస్కారం. అయితే రైతు పేరు పెట్టుకున్నది సిపాయి అయింది. పంటలకు మందు చల్లడానికి 1972లో బసంత్ అనే వేరొక విమానం చేశారు, అదీ ఎక్కువకాలం నిలవలేదు.

ఇప్పుడు సముద్రాల అవతలి సంగతి. క్లైడ్ సెస్నా అనే ఆయన అమెరికాలోని కాన్సస్ ప్రాంతపు రైతు. నిజమైన కృషకుడు. 1911లో తన విమానం తానే సిద్ధం చేసుకుని, పడుతూ లేస్తూ ఎగరడం నేర్చుకున్నాడు. 1927లో కంపెనీ పెట్టాడు. ఆర్థిక మాంద్యంలో అది మూతబడింది. 1934లో మేనల్లుడు డ్వేన్ వాలెస్ దానిని తిరిగి తెరిచాడు. ఆ కంపెనీ 1948లో 170 అనే నాలుగు కుర్చీల విమానాన్ని తెచ్చింది. దాని చక్రాల అమరిక మార్చి చేసిన 172 నమూనా 1955 జూన్ 12న ఎగిరింది. 1956లో అమ్మకానికి వచ్చింది. ఇప్పటికి 44,000 పైచిలుకు తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానమూ ఇన్ని తయారు కాలేదు. మన కృషక్‌కూ దీనికీ మధ్య నాలుగేళ్ల తేడా మాత్రమే ఉందన్న సంగతి తలచుకుంటే నాకు మనసు ఒకలా అవుతుంది.

ఇంకొక పోలిక. సెస్నా వారు కూడా తమ 170 నుంచి బర్డ్ డాగ్ అనే సైనిక పరిశీలక విమానం తీశారు. అదీ మూడు వేలకు పైగా తయారైంది. ఒకే వేరునుంచి పౌర శాఖ ఒకటి, సైనిక శాఖ ఒకటి వారికి పెరిగాయి. మనకు ఒక్కటే పెరిగింది.

172 దృఢత్వానికి ఒక వింత ఉదాహరణ. 1958 డిసెంబరు 4న రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు లాస్ వేగస్‌లో ఒక 172 ఎక్కి, 1959 ఫిబ్రవరి 7న దిగారు. నడుమ 64 రోజుల 22 గంటలు నేల తాకలేదు. ఎడారి దారిలో లారీ పరుగెడుతుంటే దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగురుతూ గొట్టంతో పెట్రోలు పైకి లాక్కున్నారు. ఒక జూదగృహం ప్రచారం కోసం చేసిన పని అది! ప్రయోజనం ఎంతో చెప్పలేను గాని ఆ ఇంజనుకు మాత్రం దండం పెట్టాలి.

చక్రాల అమరిక అన్నాను గదా. ఎద్దులబండి తోలినవారికి ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. మా కొలిమిగుండ్ల పరిసరాల్లో నాపరాళ్లు బండ్ల మీద తోలిన రోజులు నాకు బాగా జ్ఞాపకం. రాళ్లు ఇరుసుకు వెనుకగా పేరిస్తే వెనుకబరువై కాడి పైకి లేస్తుంది, పలుపులు ఎద్దుల గొంతులకు బిగుస్తాయి. ముందుకు పేరిస్తే ముందుబరువై ఎద్దుల మెడలు కుంగుతాయి. సరైన చోటు జానెడు వెడల్పే. విమానానికీ అంతే. దాని బరువంతా ఒక బిందువు వద్ద ఉన్నట్లు లెక్క. ఆ బిందువు నియమిత పరిధి దాటి వెనక్కి జరిగితే ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్క గాలిని వదిలేస్తుంది. నాలుగు కుర్చీల విమానంలో రూపకర్తకు కష్టమంతా వెనుక రెండు కుర్చీలతోనే. అవి నిండినా, ఖాళీగా ఉన్నా ఆ బిందువు హద్దులోనే ఉండాలి. అందుకే వెనుకవారిని తోకవైపు పోనీయకుండా రెక్క కిందికే చేర్చి కూర్చోబెడతారు.

నేల మీద కూడా ఇదే న్యాయం. పాత విమానాలకు ముందు రెండు చక్రాలు, తోక కింద చిన్న చక్రం. పుష్పక్, కృషక్, సెస్నా 170 అన్నీ ఈ జాతివే. వీటిలో బరువు పెద్ద చక్రాలకు వెనుక ఉంటుంది గనుక దిగేటప్పుడు ఏమాత్రం వంకర పోయినా తోక ముందుకు తిరగాలని చూస్తుంది. 172లో మూడో చక్రాన్ని ముక్కు కిందికి తెచ్చారు. బరువు పెద్ద చక్రాలకు ముందుకు వచ్చింది, వంకర తనంతట తానే సర్దుకుంటుంది. కొత్తవాడికి దిగడం సులువైంది. అన్ని వేల విమానాలు అమ్ముడుపోవడానికి కారణాల్లో ఈ చిన్న మార్పుది పెద్దవాటా అని నా అభిప్రాయం.

రెక్క పైన ఉండడం మరొక సుగుణం. కిందనున్న పొలం, చెరువు, దారి కనబడతాయి. పెట్రోలు ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి గనుక, పాత నమూనాలలో పంపు అవసరం లేకుండా మిద్దె మీది తొట్టి నుంచి కొళాయికి నీరు వచ్చినట్లు ఇంధనం ఇంజనుకు దిగుతుంది. ఇంజనులో ప్రతి సిలిండరుకూ రెండేసి స్పార్కు ప్లగ్గులు, వాటికి వేరువేరుగా రెండు మాగ్నెటోలు. ఒకటి మొరాయిస్తే రెండవది ఇంటికి చేరుస్తుంది. బ్యాటరీ చచ్చినా ఇంజను ఆగదు.

ఇక చోటు లెక్క. ఇప్పుడు తయారవుతున్న 172ఎస్ నమూనా గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం పోగా మనుషులకూ సామానుకూ ఇంధనానికీ మిగిలేది సుమారు 400 కిలోలు. ట్యాంకులు నింపితే 145 కిలోలు పోతాయి. మిగిలిన 255ను నలుగురికి పంచితే తలకు 64 కిలోలు కూడా రావు, అదీ చేతిసంచి లేకుండా. మా సీమలో సంగటి తిని పెరిగిన నలుగురు ఆసాములు ఎక్కితే ఒకరు దిగాలి, లేదా ఇంధనం దింపుకోవాలి. ఈ లెక్క ప్రతి ప్రయాణానికీ ముందు పైలటు చేసుకుని తీరాలి. చేయనివాడికి ఆకాశం మినహాయింపు ఇవ్వదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క ఇది. రామాయణ పాఠం పక్కనే ఈ లెక్క కూడా చేయించి ఉంటే "అదెట్ల సార్?" అన్నవాళ్లలో ఎందరు ఎటు వెళ్లేవారో!

ఇక్కడ న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. 1959లో మన దేశంలో సొంత విమానం కొనగలవారెందరు? కాన్సస్ వేరు. చదునైన నేల, యుద్ధంలో విమానాలు నడిపి ఇళ్లకు తిరిగివచ్చిన వేలాది యువకులు, ఊరూరా దిగుడుబాటలు, ఎకరాలకు ఎకరాలు సేద్యం చేసే సంపన్న రైతులు. వారికి గిరాకీ సిద్ధంగా ఉంది. మనకు తిండిగింజలే దిగుమతి అవుతున్న కాలం. నలుగురి సవారీ కోసం ప్రభుత్వ ధనం ఖర్చు చేయడమెందుకని ఆనాటి అధికారి అనుకుని ఉంటే అతన్ని మూర్ఖుడనలేను.

నేను ఒప్పుకోనిది ఆ తరువాతి మౌనాన్ని. గిరాకీ కొన్ని వస్తువులకు ముందే ఉంటుంది, కొన్నిటికి వస్తువు వచ్చాక పుడుతుంది. యూనికోడు తెలుగులో రాసుకుంటున్న మనకు ఇది ఒకరు చెప్పాలా? కంప్యూటరులో తెలుగుకు గిరాకీ ఏదండీ అని మన ముఖం మీదే అన్నవారు ఉన్నారు. నాలుగు కుర్చీల విమానం కూడా ధనికుల ఆటవస్తువుగానే మిగిలిపోలేదు. నేడు పైలటు కాదలచినవాడు వాణిజ్య అనుమతి పత్రానికి మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఆ గంటల్లో చాలా భాగం ఇటువంటి చిన్న విమానాల మీదనే. మన శిక్షణాలయాల్లో విరివిగా కనిపించేవి అమెరికా సెస్నాలు, ఆస్ట్రియా డైమండ్‌లు. రాయబరేలీ దగ్గరి ప్రభుత్వ ఉడాన్ అకాడమీలోనూ నాలుగు కుర్చీల డైమండ్‌లు ఉన్నాయి. గిరాకీ లేదన్న దేశం ఆ విమానాన్నే పరదేశం నుంచి కొనుక్కుంటున్నది. ఇంతకన్న విడ్డూరం ఉంటుందా?

ప్రయత్నాలే లేవనను. జాతీయ వైమానిక ప్రయోగశాల, మహీంద్రా సంస్థ కలిసి రూపొందించిన ఐదు కుర్చీల విమానం 2011 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ఎగిరింది. ఉత్పత్తిదాకా రాలేదు. అదే ప్రయోగశాల చేసిన హంస రెండు కుర్చీలది. దాని కొత్త రూపం 2021 సెప్టెంబరులో ఎగిరింది. మళ్లీ హంస, మళ్లీ సారస్ అని అందమైన పక్షుల పేర్లు! నామకరణంలో మనల్ని మించినవారు లేరు. అన్నప్రాశన దగ్గరే ఆగిపోతున్నాము.

మా సీమ వైపు చూస్తే, 2003 తరువాత కొన్నేళ్లు మేఘమథనం పేర చిన్న విమానాలు మబ్బుల కోసం తిరిగాయి. ఆ మోత వినబడితే జనం పొలాల్లోంచి తలెత్తి చూసేవారు. వాన మాట దేవుడెరుగు, చిన్న విమానం అంత దగ్గరగా చాలామంది చూసింది అప్పుడే. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచారు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 1847 ఫిబ్రవరి 22న మా పక్కనున్న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన వీరుడు ఆయన. సంతోషమే. అక్కడి దిగుడుబాట రెండు కిలోమీటర్లు. సెస్నా వంటిదానికి అర కిలోమీటరు చాలు. మా నల్లరేగడి చదును నేలలో అర కిలోమీటరు బాట వేయడానికి చోటు కరువా? వేస్తే ప్రాణాపాయంలో ఉన్న రోగి ఒకరు హైదరాబాదుకో బెంగుళూరుకో గంటన్నరలో చేరతారు. అలా రాత్రంతా రోడ్డు మీద వెళ్లి చేరనివారి ఇళ్లకు పరామర్శకు వెళ్లినవాణ్ణి నేను. ఇది ఊహాలోకమని నవ్వేవారు నవ్వనీయండి.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నాదొక మనవి. పుష్పకాన్ని ఉంచండి, అది మన కావ్యసంపద. దాని పక్కన పుష్పక్ బొమ్మ, కృషక్ బొమ్మ, ఘాటగే గారి పేరు, రెక్క పొడవు, బరువు, వేగం అచ్చువేయండి. వైమానిక శాస్త్రాన్ని కూడా తరగతికి తేవచ్చు, 1974 నాటి ఆ ఐదుగురి లెక్కతో సహా. అప్పుడది మంచి పాఠమే అవుతుంది.

కృషక్ నడిపిన సైనికులలోను, దానిని బాగుచేసిన సాంకేతికులలోను తెలుగువారు తప్పక ఉండి ఉంటారు. నేడు వారికి ఎనభై ఏళ్లు పైబడి ఉంటాయి. మీ ఇళ్లల్లో, మీ బంధువర్గంలో అటువంటివారుంటే ఈ వారాంతంలోనే వెళ్లి పక్కన కూర్చుని అడగండి. ఇంజను మోత ఎలా ఉండేది, తోకచక్రంతో దిగడం ఎంత కష్టం, వెనుకనున్న తిరుగుడు కుర్చీలో కూర్చుంటే ఏం కనబడేది, ఇటువంటివి. పాత ఫోటో ఉంటే సెల్‌ఫోనుతో ఒక ప్రతి తీసుకోండి. రాయడానికి తీరిక లేకపోతే నాకు పంపండి, తెలుగులో టైపు చేసే పని నాది.